గేమ్‌కు గ్రాఫిక్స్ ఏపీఐని ఎంచుకోవడం ఎలా: సొంత రెండరర్ రాసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కర్నూలు, కడప ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువుతూ సొంతంగా గేములు తయారుచేస్తున్న పాఠకులు తరచూ ఒకే ప్రశ్న పంపుతున్నారు: వల్కన్ నేర్చుకోవాలా, ఓపెన్‌జీఎల్ సరిపోతుందా, డైరెక్ట్‌ఎక్స్ 12 మేలా? ఇవన్నీ గ్రాఫిక్స్ ఏపీఐలు, అంటే గేమ్ కోడ్ గ్రాఫిక్స్ చిప్‌కు (జీపీయూకు) పని చెప్పే ఆదేశాల సమితులు. ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం సులువే గాని, ఆ జవాబు కొన్ని నెలల తరువాత అడిగినవారినే ఇబ్బంది పెడుతుంది. ఏపీఐలను పక్కపక్కన పెట్టి పోల్చడం చివరగా చేయవలసిన పని. గేమ్ ఎవరి చేతిలో, ఏ యంత్రంపై నడవాలో, అందులోని దృశ్యం ఏమి కోరుతుందో ముందుగా తేల్చుకుంటే ఎంపికలో సగం దానంతట అదే తేలిపోతుంది. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

సీ, సీ ప్లస్ ప్లస్ లేదా రస్ట్‌లో ఒక మోస్తరు ప్రోగ్రాములు రాయగలిగి, మ్యాట్రిక్స్ గుణకారం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని దీనిని రాశాను. ఉదాహరణ కోసం రెండు దృశ్యాలున్న గేమ్‌ను ఊహించుకుందాం. ఒకటి బెలుం గుహల్లో కాగడాల వెలుగులో నడుస్తుంది. రెండోది గండికోట గోడపై నుంచి పెన్నా లోయను చూపిస్తుంది.

1. ఏపీఐ కావాలా, ఇంజిన్ కావాలా?

గేమ్‌ను పూర్తిచేసి విడుదల చేయడమే మీ లక్ష్యమైతే యూనిటీ, అన్‌రియల్, గోడాట్ వంటి ఇంజిన్లు జీపీయూతో మాట్లాడే పనిని తామే చూసుకుంటాయి. అప్పుడు మీరు ఎంచుకోవలసింది ఏపీఐని కాదు, ఇంజిన్‌లోని రెండరర్‌ను, అంటే దృశ్యాన్ని తెరపై గీసే భాగాన్ని. గోడాట్ 4లో ఫార్వర్డ్ ప్లస్, మొబైల్ అనే రెండు రెండరర్లు వల్కన్ తరహా కొత్త ఏపీఐలపైన, కంపాటిబిలిటీ అనేది ఓపెన్‌జీఎల్‌పైన నడుస్తాయి. పాత ఫోన్లు, బ్రౌజరు మీ లక్ష్యమైతే కంపాటిబిలిటీని పెట్టుకుని గేమ్ పనిలో పడండి; ఈ వ్యాసంలో మీకు 4, 10 భాగాలు చాలు.

గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్‌లోనే ఉద్యోగం కోరుకునేవారికి, ఇంజిన్లు సులువుగా ఇవ్వని ప్రత్యేక దృశ్యశైలి కావలసినవారికి, ఇన్‌స్టాల్ పరిమాణం బాగా చిన్నదిగా ఉండాలనుకునేవారికి సొంత రెండరర్ న్యాయమైన నిర్ణయం. ఈ మూడింటిలో మీ కారణం ఏదో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. మున్ముందు రెండు దారులు సమానంగా కనిపించినప్పుడు తీర్పు చెప్పేది ఆ వాక్యమే.

2. ఆడేవారి యంత్రాల జాబితా రాయండి

మొదట చేయవలసిన పని, ఎక్కువమంది వదిలేసే పని ఇదే. మీ సొంత ల్యాప్‌టాప్‌ను కాదు, గేమ్ నడవవలసిన అతి బలహీనమైన యంత్రాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. మన ప్రాంతంలో విద్యార్థుల చేతుల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్ కంప్యూటర్లు, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువ. వాటి సామర్థ్యాన్ని ఊహించవద్దు, తెరిచి చూడండి.

ఒక ఉదాహరణ చెబుతాను. 2012 నాటి మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ విండోస్‌లో డైరెక్ట్3డీ (డైరెక్ట్‌ఎక్స్‌లోని 3డీ గ్రాఫిక్స్ భాగం) 11, ఓపెన్‌జీఎల్ 4.0 వరకు నడిపిస్తుంది. అక్కడ దానికి వల్కన్ డ్రైవర్ లేదు. విండోస్‌లో ఇంటెల్ వల్కన్ మద్దతు 2015లో వచ్చిన ఆరో తరం స్కైలేక్ నుంచి మొదలవుతుంది. కాబట్టి అలాంటి యంత్రాలున్న ల్యాబులో ప్రదర్శించవలసిన గేమ్‌ను వల్కన్‌లో మాత్రమే రాస్తే, కోడ్ ఎంత బాగున్నా విండో తెరుచుకోదు.

విండోస్‌లో గ్రాఫిక్స్ వివరాలు చూపే డీఎక్స్‌డయాగ్ తెరిచినప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. సిస్టమ్ ట్యాబ్‌లో కనిపించే "డైరెక్ట్‌ఎక్స్ 12" ఆపరేటింగ్ సిస్టమ్‌లోని రన్‌టైమ్ సంగతి చెబుతుంది తప్ప మీ గ్రాఫిక్స్ చిప్ సంగతి కాదు. డిస్‌ప్లే ట్యాబ్‌కు వెళ్లి "ఫీచర్ లెవెల్స్" వరుసను చదవాలి. లైనక్స్‌లో వల్కన్‌ఇన్ఫో, జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్లు ఇదే సమాచారాన్ని ఇస్తాయి.

ఆండ్రాయిడ్‌లో ఓపెన్‌జీఎల్ ఈఎస్ (ఫోన్ల వంటి పరికరాల కోసం చేసిన ఓపెన్‌జీఎల్ రూపం) 3.0 మద్దతు 4.3 నుంచి, వల్కన్ మద్దతు 7.0 నుంచి ఉన్నాయి. అయితే అది ఆపరేటింగ్ సిస్టమ్ మద్దతు మాత్రమే. ఆ ఫోన్‌లోని చిప్, దాని డ్రైవర్ కూడా ఒప్పుకోవాలి. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన 64 బిట్ ఫోన్లకు వల్కన్ 1.1 తప్పనిసరి కావడంతో అక్కడి నుంచి పరిస్థితి నిలకడగా ఉంది.

జాబితాలో ప్రతి యంత్రానికీ ఇవి ఉండాలి:

- గ్రాఫిక్స్ చిప్ పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్
- నడిపించగల ఏపీఐలు, వాటి వెర్షన్లు
- తెర రెజల్యూషన్, మెమరీ
- ఆ యంత్రంపై ఆశిస్తున్న వేగం: సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3 మిల్లీసెకన్లు
- పరీక్షకు అది మీకు నిజంగా అందుబాటులో ఉందా, లేదా

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. చేతికి అందని యంత్రాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే దానిపై వచ్చే లోపాలను సరిదిద్దే మార్గం ఉండదు.

3. ఏ వేదికపై ఏది నడుస్తుంది?

విండోస్‌పై డైరెక్ట్3డీ 11, డైరెక్ట్3డీ 12, వల్కన్, ఓపెన్‌జీఎల్ నాలుగూ నడుస్తాయి. లైనక్స్‌పై వల్కన్, ఓపెన్‌జీఎల్. ఆండ్రాయిడ్‌పై వల్కన్, ఓపెన్‌జీఎల్ ఈఎస్.

యాపిల్ పరికరాల దారి వేరు. అక్కడ సొంత ఏపీఐ మెటల్. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే ఆగిపోయింది. 2018లో యాపిల్ దానిని కాలం చెల్లినదిగా ప్రకటించింది. వల్కన్ పిలుపులను మెటల్‌లోకి మార్చే మోల్టెన్‌వీకే అనే లైబ్రరీ ఉంది కాబట్టి వల్కన్‌లో రాసిన గేమ్‌ను ఐఫోన్‌కు తీసుకువెళ్లే దారి తెరిచే ఉంది.

బ్రౌజరులో వెబ్‌జీఎల్ 2 దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. వెబ్‌జీపీయూ 2023లో క్రోమ్ 113తో డెస్క్‌టాప్‌పై మొదలై క్రమంగా ఇతర బ్రౌజర్లకూ చేరింది. పాత ఫోన్ల బ్రౌజర్లలో మాత్రం దానిని నమ్ముకోలేము. గేమ్ కన్సోళ్ల అభివృద్ధి సామగ్రి ఒప్పందం చేసుకున్న సంస్థలకే అందుతుంది గనుక తొలి గేమ్ రాసేవారు ఆ ఆలోచనను పక్కన పెట్టడం మంచిది.

4. దృశ్యం ఏమి కోరుతుందో లెక్కకట్టండి

"పెద్ద గేమ్, కాబట్టి వల్కన్" అనే మాట తరచూ వినిపిస్తుంది. పెద్ద అనేది కొలత కాదు. దృశ్యాన్ని విడదీసి అంకెలలో చెప్పగలిగినప్పుడే ఏపీఐ ఎంపికకు ఆధారం దొరుకుతుంది.

*బెలుం దృశ్యం.* సుమారు 3.2 కిలోమీటర్ల పొడవున్న సున్నపురాతి గుహల్లో ఒక భాగాన్ని మలిచి, ఒక గదిలో నాలుగు కాగడాలు పెట్టి, వాటి నీడలు గోడలపై కదలాలని అనుకుందాం. కాగడా అన్నివైపులా వెలుగునిస్తుంది కాబట్టి దాని నీడను క్యూబ్ మ్యాప్‌లో, అంటే ఘనం ఆకారపు చిత్రాల సమితిలో, గీయాలి. అంటే ఆరు ముఖాలు. నాలుగు కాగడాలకు 24 ముఖాలు. గదిలో 200 రాతి భాగాలుంటే, ఏమాత్రం వడకట్టకుండా గీస్తే నీడలకే ఫ్రేముకు 4,800 డ్రా కాల్స్ (జీపీయూకు ఇచ్చే గీయమనే ఆదేశాలు) అవుతాయి. ఓపెన్‌జీఎల్ ఈఎస్‌లో ఒక మోస్తరు ఫోన్ ఈ భారాన్ని మోయలేదు.

ఇక్కడే చాలామంది ఏపీఐ మార్చేయాలని తీర్మానిస్తారు. తొందరపడవద్దు. గుహ గోడలు కదలవు. వాటి నీడలను ఒకసారి గీసి దాచుకుని, కదిలే పాత్రల నీడలను మాత్రమే ప్రతి ఫ్రేములోనూ గీస్తే సంఖ్య పదుల్లోకి దిగుతుంది. ఒకే ఆకారం గల రాళ్లను ఇన్‌స్టెన్సింగ్‌తో ఒక్క కాల్‌లో గీయవచ్చు. కాగడా వెలుగు చేరని ముఖాలను వదిలేయవచ్చు. ఈ మూడూ చేశాక కూడా ఫ్రేముకు కొన్ని వేల కాల్స్ మిగిలి, సీపీయూలోని ఒక్క కోర్ మాత్రమే నిండిపోతూ మిగతావి ఖాళీగా ఉంటే, అప్పుడు అనేక థ్రెడ్లలో ఆదేశాలను రాసుకోనిచ్చే వల్కన్ లేదా డైరెక్ట్3డీ 12 నిజమైన మేలు చేస్తాయి.

*గండికోట దృశ్యం.* ఇక్కడి సమస్య కాల్స్ సంఖ్య కాదు, దూరం. చేతికి అందే దూరంలో కోట గోడ, ఎదురుగా లోయ, దాని వెనుక కిలోమీటర్ల దూరంలో ఎర్రమల కొండలు. కెమెరా సమీప తలాన్ని (దృశ్యం గీయడం మొదలయ్యే దూరాన్ని) 0.1 మీటర్ల వద్ద పెట్టి, మామూలు 24 బిట్ల డెప్త్ బఫర్ (ప్రతి పిక్సెల్ దూరాన్ని దాచే మెమరీ) వాడితే, కిలోమీటరు దూరంలో డెప్త్ ఖచ్చితత్వం సుమారు 60 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే అంతకంటే దగ్గరగా ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు రాతి పలకల్లో ఏది ముందుందో జీపీయూ తేల్చలేదు. కెమెరా కదిలినప్పుడల్లా రెండూ ఒకదానిలో ఒకటి మిణుకుమిణుకుమంటాయి. రెండు కిలోమీటర్ల దూరంలో ఈ తేడా 2.4 మీటర్లకు పెరుగుతుంది, ఎందుకంటే అది దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది.

సమీప తలాన్ని 0.5 మీటర్లకు జరిపితే కిలోమీటరు వద్ద తేడా 12 సెంటీమీటర్లకు తగ్గుతుంది. శాశ్వత పరిష్కారం మాత్రం రివర్స్‌డ్ డెప్త్: 32 బిట్ల ఫ్లోట్ డెప్త్ బఫర్ తీసుకుని, దగ్గరి బిందువుకు 1, దూరపు బిందువుకు 0 వచ్చేలా ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌ను తిప్పి, డెప్త్ పోలికను "గ్రేటర్"కు మార్చి, బఫర్‌ను 0తో శుభ్రం చేయాలి.

ఏపీఐ ఎంపికకు దీనితో నేరుగా సంబంధం ఉంది. డైరెక్ట్3డీ, వల్కన్, మెటల్, వెబ్‌జీపీయూలలో డెప్త్ పరిధి 0 నుంచి 1 వరకు ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి వెంటనే పనిచేస్తుంది. ఓపెన్‌జీఎల్‌లో పరిధి మైనస్ 1 నుంచి 1 వరకు ఉండటం వల్ల లాభం ఆవిరైపోతుంది, 4.5 వెర్షన్‌లో వచ్చిన క్లిప్ కంట్రోల్ అనే పిలుపుతో పరిధిని మార్చుకోవాలి. హెచ్‌డీ 4000 వంటి పాత చిప్ 4.0 దగ్గర ఆగుతుంది. ఓపెన్‌జీఎల్ ఈఎస్‌లో ఇది మూల ప్రమాణంలో లేదు, కొన్ని ఫోన్లలో ఎక్స్‌టెన్షన్‌గా మాత్రమే దొరుకుతుంది. విశాల దృశ్యమే మీ గేమ్‌కు ప్రాణమైతే ఈ ఒక్క అంశమే నిర్ణయాన్ని మార్చగలదు.

5. కొత్త ఏపీఐలు మీ మీద వేసే పనులు

ఓపెన్‌జీఎల్, డైరెక్ట్3డీ 11లలో మెమరీ కేటాయింపు, సీపీయూ–జీపీయూల మధ్య సమన్వయం, వనరుల స్థితి మార్పులు డ్రైవర్ చూసుకుంటుంది. వల్కన్, డైరెక్ట్3డీ 12లలో వాటిలో అధికభాగం మీ బాధ్యత. తెరపై తొలి త్రిభుజానికే వల్కన్‌లో వెయ్యి పంక్తులకు అటూ ఇటూ రాయవలసి వస్తుంది. అయితే పంక్తుల సంఖ్య చూసి భయపడనవసరం లేదు. అవి ఒకసారి రాస్తే అయిపోతాయి. సమయాన్ని తినేది సమన్వయం: ఒక టెక్స్చర్‌ను (జీపీయూ మెమరీలోని చిత్రాన్ని) రాసే పని ముగియకముందే మరొక పాస్ (గీసే దశ) దానిని చదివితే మీ యంత్రంపై చక్కగా కనిపించి, వేరొకరి యంత్రంపై మాత్రమే మచ్చలు వస్తాయి.

2022లో వచ్చిన వల్కన్ 1.3 ఈ భారాన్ని చాలా తగ్గించింది. రెండర్ పాస్ వస్తువులను ముందుగా నిర్మించే అవసరం లేకుండా డైనమిక్ రెండరింగ్, మరింత స్పష్టమైన సమన్వయ ఆదేశాలు దాని మూల ప్రమాణంలో చేరాయి. కొత్తగా నేర్చుకునేవారు 1.0 కాలపు పాఠాలతో కాకుండా 1.3 పద్ధతితోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. మెమరీ కోసం ఏఎమ్‌డీ ఉచితంగా ఇచ్చే వల్కన్ మెమరీ అలొకేటర్‌ను తీసుకోండి. ప్రతి బఫర్‌కూ విడిగా మెమరీ అడిగితే, ప్రమాణం హామీ ఇచ్చే 4,096 కేటాయింపుల హద్దును ఒక మోస్తరు గేమ్ కూడా తాకవచ్చు.

6. నిర్ణయం తీసుకునే వరుస

పై నుంచి కిందికి చదువుతూ మీకు సరిపోయే మొదటి అంశం దగ్గర ఆగండి.

- జాబితాలో వల్కన్ నడవని ఫోన్లు లేదా ల్యాబ్ యంత్రాలు ఉన్నాయి: ఫోన్లకు ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0, డెస్క్‌టాప్‌కు ఓపెన్‌జీఎల్ 3.3.
- గేమ్ బ్రౌజరులో నడవాలి: అందరికీ చేరాలంటే వెబ్‌జీఎల్ 2, కొత్త యంత్రాలు చాలనుకుంటే వెబ్‌జీపీయూ.
- గేమ్ విండోస్‌కే పరిమితం, బృందం చిన్నది: డైరెక్ట్3డీ 11. ఇది పాతది కదా అని తీసిపారేయవద్దు. పాత ఇంటెల్ చిప్‌ల నుంచి నేటి కార్డుల వరకు నిలకడగా నడుస్తుంది.
- విండోస్, లైనక్స్, మ్యాక్ మూడూ కావాలి, యంత్రాలు కొత్తవి, సమయం తక్కువ: 2025లో స్థిర విడుదలగా వచ్చిన ఎస్‌డీఎల్ 3లోని జీపీయూ విభాగం. అది లోపల వల్కన్, డైరెక్ట్3డీ 12, మెటల్‌లపై నడుస్తుంది. దానికి ఓపెన్‌జీఎల్ దారి లేదని మాత్రం గుర్తుంచుకోండి.
- రస్ట్‌లో రాస్తున్నారు: డబ్ల్యూజీపీయూ లైబ్రరీ.
- గ్రాఫిక్స్ ఉద్యోగమే లక్ష్యం, లేదా 4వ భాగంలోని లెక్క థ్రెడ్లను నిజంగా కోరుతోంది, ఏడాది సమయం ఉంది: వల్కన్ 1.3. ఎక్స్‌బాక్స్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే డైరెక్ట్3డీ 12.

గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెడుతున్నవారికి నా సలహా స్పష్టం. ఓపెన్‌జీఎల్ 3.3 లేదా డైరెక్ట్3డీ 11లో వెలుతురు, నీడ, టెక్స్చర్లు పనిచేసే ఒక చిన్న దృశ్యాన్ని పూర్తిచేసి, ఆ తరువాతే వల్కన్‌కు వెళ్లండి. నీడల గణితం, సమన్వయ నియమాలు రెండూ ఒకేసారి తెలియనప్పుడు తెర నల్లగా మిగిలితే కారణం ఏ వైపు ఉందో వెతకడం అసాధ్యమవుతుంది.

7. వారం రోజుల పరీక్ష

ఎంపికను కాగితంపైనే ఖాయం చేయవద్దు. ఎంచుకున్న ఏపీఐతో, జాబితాలోని అతి బలహీనమైన యంత్రంపై ఈ పనులను వరుసగా చేయండి. వరుస మార్చితే లోపం ఎక్కడుందో తెలియదు.

1. డీబగ్ సాధనాలను మొదటే ఆన్ చేయండి. వల్కన్‌లో పొరపాట్లను పట్టే వాలిడేషన్ లేయర్లు, డైరెక్ట్3డీ 12లో డీబగ్ లేయర్, ఓపెన్‌జీఎల్ 4.3 పైబడితే డీబగ్ మెసేజ్ కాల్‌బ్యాక్.
2. విండో తెరిచి ఒకే రంగుతో నింపండి.
3. త్రిభుజం, తరువాత టెక్స్చర్ ఉన్న చతురస్రం గీయండి.
4. డెప్త్ బఫర్‌తో రెండు ఘనాలను ఒకదాని వెనుక ఒకటి పెట్టండి.
5. వెయ్యి రాళ్లను మొదట విడివిడి కాల్స్‌తో, తరువాత ఇన్‌స్టెన్సింగ్‌తో గీసి రెండు సమయాలనూ రాసుకోండి.
6. విండో పరిమాణం మార్చండి, మినిమైజ్ చేయండి. ఫోన్‌లో అయితే గేమ్ నడుస్తుండగా మరో ఫోన్ నుంచి కాల్ చేసి, మాట్లాడి, తిరిగి గేమ్‌లోకి రండి.
7. రెండర్‌డాక్ అనే డీబగ్ సాధనంతో ఒక ఫ్రేమును పట్టుకుని అందులోని ప్రతి కాల్‌నూ చదవండి.

ఆరో అడుగు దగ్గర ఎక్కువ సమయం ఇవ్వండి. వల్కన్‌లో విండో పరిమాణం మారితే స్వాప్‌చెయిన్ (తెరకు వంతులవారీగా పంపే చిత్రాల వరుస) కాలం చెల్లిందన్న సంకేతం వస్తుంది, దానిని తిరిగి నిర్మించాలి. విండోస్‌లో మినిమైజ్ చేసినప్పుడు వెడల్పు, ఎత్తు సున్నా అవుతాయి. సున్నా పరిమాణంతో స్వాప్‌చెయిన్ అడిగితే ప్రోగ్రామ్ కూలిపోతుంది కాబట్టి విండో తిరిగి తెరుచుకునేవరకు గీయడం ఆపాలి. ఆండ్రాయిడ్‌లో గేమ్ వెనక్కు వెళ్లగానే గీసే సర్ఫేస్ పోతుంది. దానిని మళ్లీ సృష్టించే కోడ్ లేని గేమ్, ఆడుతున్నవారికి ఒక్క కాల్ రాగానే నల్లతెరగా మారుతుంది.

వారం ముగిసేసరికి ఏడు అడుగులూ పూర్తికాకపోతే ఒక మెట్టు సులువైన ఏపీఐకి దిగడం మంచిది.

8. రేపు మరో ఏపీఐకి మారవలసి వస్తే

గేమ్ కోడ్ ఎక్కడా నేరుగా ఏపీఐని పిలవకూడదు. బఫర్ సృష్టించు, టెక్స్చర్ సృష్టించు, పైప్‌లైన్ (షేడర్లు అనే జీపీయూ ప్రోగ్రాములు, గీసే సెట్టింగుల కూర్పు) సృష్టించు, పాస్ మొదలుపెట్టు, గీయి, పాస్ ముగించు: ఇంతమాత్రపు పలుచని పొర చాలు. రాబోయే అన్ని ఏపీఐలనూ ఊహించి పెద్ద పొర కట్టేవారు గేమ్ దగ్గరికి రావడం అరుదు.

అదే సమయంలో ఈ తేడాలను ముందే ఒక కాగితంపై పెట్టుకోండి:

- *నిలువు దిశ.* వల్కన్ క్లిప్ స్పేస్‌లో (ప్రొజెక్షన్ తరువాతి నిర్దేశాంకాల్లో) వై అక్షం కిందికి చూస్తుంది, మిగతావాటిలో పైకి. వల్కన్ 1.1 నుంచి వ్యూపోర్ట్ ఎత్తును రుణసంఖ్యగా ఇస్తే దృశ్యం సరిగ్గా నిలబడుతుంది. ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌లో వైని తిప్పే దారి ఎంచుకుంటే త్రిభుజాల ముందువైపు దిశ కూడా తారుమారవుతుందని మరవవద్దు.
- *షేడర్ భాష.* ఓపెన్‌జీఎల్‌కు జీఎల్‌ఎస్‌ఎల్, డైరెక్ట్3డీకి హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్, మెటల్‌కు దాని సొంత భాష, వెబ్‌జీపీయూకు డబ్ల్యూజీఎస్‌ఎల్. హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్‌లో ఒకసారి రాసి, మైక్రోసాఫ్ట్ డీఎక్స్‌సీ కంపైలర్‌తో వల్కన్‌కు కావలసిన స్పిర్-వీగా మార్చుకోవడం ఇప్పటికి సాఫీ అయిన దారి.
- *టెక్స్చర్ కుదింపు.* డెస్క్‌టాప్‌కు బీసీ ఫార్మాట్లు, ఫోన్లకు ఏఎస్‌టీసీ లేదా ఈటీసీ2. ఈటీసీ2 ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0లో తప్పనిసరి కాబట్టి పాత ఫోన్లకు అదే భద్రం. మూల చిత్రాలను తప్పకుండా దాచుకోండి. కుదించిన ఫైలు నుంచి మరో ఫార్మాట్‌కు మారిస్తే నాణ్యత రెండుసార్లు పోతుంది.

9. తరచూ జరిగే తప్పులు, పరిష్కారాలు

*దీపాల రంగులు ఒకదానికి బదులు మరొకటి వస్తున్నాయి.* మొదటి కాగడా సరిగ్గా వెలుగుతుంది, రెండోది నీలంగా, మూడోది చీకటిగా ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సీ ప్లస్ ప్లస్‌లో మూడు ఫ్లోట్ల వెక్టర్ 12 బైట్లు. షేడర్‌కు విలువలు అందించే యూనిఫామ్ బఫర్‌లోని స్టాండర్డ్ 140 (std140) అమరికలో అలాంటి వెక్టర్ల వరుసలో ఒక్కోటి 16 బైట్లు ఆక్రమిస్తుంది. రెండో దీపం నుంచి ప్రతి విలువా జరిగిపోతుంది. మూడు అంకెల వెక్టర్లను మానేసి అన్నిచోట్లా నాలుగు అంకెలవే వాడండి. నాలుగో గడిలో దీపం తీవ్రతను పెట్టుకోవచ్చు.

*దృశ్యమంతా వెలిసిపోయినట్లు ఉంది.* గామా సవరణ (తెరకు తగ్గట్టు వెలుతురు విలువలను మార్చడం) రెండుసార్లు జరుగుతోంది: షేడర్ చివర ఒకసారి, ఎస్‌ఆర్‌జీబీ ఫార్మాట్ స్వాప్‌చెయిన్ వల్ల మరోసారి. ఒకదానిని తీసేయండి. డైరెక్ట్3డీ 12లో కొత్త తరహా స్వాప్‌చెయిన్‌ను ఎస్‌ఆర్‌జీబీ ఫార్మాట్‌లో సృష్టించలేము. మామూలు ఫార్మాట్‌లో సృష్టించి, రెండర్ టార్గెట్ వ్యూను ఎస్‌ఆర్‌జీబీగా పెట్టాలి. గుహ వంటి చీకటి దృశ్యాలను ఆరుబయట ఎండలో ఫోన్ పట్టుకుని కూడా చూడండి. రాత్రి గదిలో చక్కగా కనిపించిన పాతాళగంగ దారి పగటి వెలుగులో కనిపించకపోవచ్చు.

*కొత్త గదిలోకి అడుగుపెట్టగానే గేమ్ క్షణంపాటు ఆగుతోంది.* పైప్‌లైన్ గీసే క్షణంలో నిర్మాణమవుతోంది. అన్ని పైప్‌లైన్లనూ లోడింగ్ తెర దగ్గరే నిర్మించి, పైప్‌లైన్ క్యాష్‌ను ఫైలులో దాచి, తరువాతి సారి దానిని చదివించండి.

*నా యంత్రంపై నడుస్తోంది, స్నేహితుడి యంత్రంపై కూలిపోతోంది.* వాలిడేషన్ లేయర్లు ఆన్ చేసి ఒక్క హెచ్చరిక కూడా లేకుండా చేయండి. వల్కన్ డ్రైవర్ మీ పొరపాట్లను తనిఖీ చేయదు; ఒక డ్రైవర్ సహించినదాన్ని మరొకటి సహించదు. విడుదల ప్రతిలో మాత్రం లేయర్లను తీసేయండి, అవి వేగాన్ని తగ్గిస్తాయి.

10. వేడిలో పరీక్ష

ఈ భాగం మన జిల్లాలకు ప్రత్యేకంగా అవసరం. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటే చోట ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చిప్ వేగాన్ని త్వరగా తగ్గించుకుంటుంది. చల్లని ల్యాబులో రెండు నిమిషాలు నడిపి తీసుకున్న కొలత ఇక్కడ పనికిరాదు. అరగంట ఆపకుండా, ఏసీ లేని గదిలో, మధ్యాహ్నం వేళ నడిపి చివరి ఐదు నిమిషాల ఫ్రేమ్ సమయాన్ని ప్రమాణంగా తీసుకోండి.

ఫోన్ వేడెక్కడానికి పెద్ద కారణం మెమరీ రాకపోకలు. మాలి, అడ్రినో వంటి ఫోన్ జీపీయూలు తెరను చిన్న పలకలుగా విడదీసి ఒక్కో పలకను చిప్‌లోపలే గీస్తాయి. 1080 బై 2400 తెరకు 32 బిట్ల డెప్త్ బఫర్ సుమారు 10 మెగాబైట్లు. ఫ్రేము ముగిశాక దానితో పని లేకపోయినా మెమరీకి రాయమని వదిలేస్తే, సెకనుకు 60 ఫ్రేముల దగ్గర 620 మెగాబైట్ల వృథా రాత జరుగుతుంది. వల్కన్‌లో డెప్త్ అటాచ్‌మెంట్ స్టోర్ ఆప్‌ను (పాస్ చివర మెమరీకి రాయాలా వద్దా చెప్పే అమరికను) "డోంట్ కేర్"గా పెట్టండి. ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0లో పాస్ చివర ఇన్‌వ్యాలిడేట్ ఫ్రేమ్‌బఫర్ పిలుపు అదే పని చేస్తుంది. ఫ్రేము మొదట్లో పాత చిత్రాన్ని చదివించకుండా క్లియర్ చేయడం కూడా అంతే ముఖ్యం.

పరీక్షకు ముందు చూసుకోవలసినవి:

- వాలిడేషన్ లేయర్లు ఆఫ్, విడుదల ప్రతి ఇన్‌స్టాల్
- ఛార్జర్ తీసివేత, తెర వెలుతురు గరిష్ఠం
- ఫ్రేమ్ సమయాలు ఫైలులోకి నమోదు. సగటు మాత్రమే కాక అతి నెమ్మదైన ఫ్రేములు కూడా
- దీపాలు, పాత్రలు అత్యధికంగా ఉన్న గది ఎంపిక

చివరి ఐదు నిమిషాల్లో ఫ్రేమ్ సమయం మీరు రాసుకున్న హద్దును దాటితే వెంటనే ఏపీఐని తప్పుపట్టవద్దు. గీసే రెజల్యూషన్‌ను రెండు దిశల్లోనూ 0.8 రెట్లకు తగ్గించి, ఫోన్ చల్లారాక పరీక్షను మొదటి నుంచి మళ్లీ నడపండి. పిక్సెళ్ల సంఖ్య 36 శాతం తగ్గుతుంది. దానితో సమయం కూడా బాగా తగ్గితే భారం జీపీయూ పిక్సెళ్ల దగ్గర ఉన్నట్లు. షేడర్లను, నీడల మ్యాప్ పరిమాణాన్ని తగ్గించాలి, ఏపీఐ మార్చినా ఫలితం ఉండదు. సమయం కదలకపోతే భారం చాలావరకు సీపీయూ వైపు ఉన్నట్లు. అప్పుడు 4వ భాగంలోని డ్రా కాల్స్ లెక్కకు తిరిగి వెళ్లి, అక్కడ తగ్గించగలిగినదంతా తగ్గించాక ఇంకా మిగిలితేనే 6వ భాగంలోని జాబితాను మళ్లీ తెరవండి.